ప్రాణులకు పనికివచ్చే శిల్పాలు: బడి వెనుక స్థలంలో పిల్లల పని

గౌరవనీయులైన తల్లిదండ్రులకు నమస్కారాలు.

చిత్రకళ, జీవశాస్త్ర ఉపాధ్యాయులు కలిసి ఈ ఏడాది బడి వెనుక ఖాళీ స్థలంలో పిల్లలచేత కొన్ని శిల్పాలు చేయిస్తున్నారు. వార్షికోత్సవం కాగానే తీసివేసే ప్రదర్శన వస్తువులు కావు ఇవి; మన ప్రాంతపు పిట్టలు, సీతాకోకచిలుకలు, తేనెటీగలు ఏళ్ల తరబడి వాడుకోవలసినవి.

అమెరికా శిల్పి లిన్ హల్ అక్కడి పడమటి ఎడారి ప్రాంతాలలో బండలపై ఆకృతులు చెక్కి, వాటిలో నిలిచిన వాన నీరు అడవి ప్రాణుల దాహం తీర్చేలా చేశారు. మన కొండల మీది దొనలను (వాన నీరు నిలిచే రాతి గుంటలను) చూసిన పిల్లలకు ఈ ఆలోచన వెంటనే అందింది. ఆవరణలోని గ్రానైటు బండపై వారు తీగెలు, చేపలు గీయగా, రాతిపని మేస్త్రి ఆ గీతల వెంబడే చిన్న దొన చెక్కుతున్నారు. దాని లోతు రెండు అంగుళాలకు మించదు, అంచులు ఏటవాలుగా ఉంటాయి. చిన్న పిట్టకూ తేనెటీగకూ కాలు నిలవాలి కనుక రాతిని నునుపు చేయవద్దని, ఉలి గరుకును అలాగే ఉంచాలని కోరాము.

నీరు నిలిస్తే డెంగీ దోమలు వస్తాయన్న మీ ఆందోళన న్యాయమైనదే. గుడ్డు దోమగా మారడానికి సుమారు వారం పడుతుంది. పైగా ఆ గుడ్లు నీటి అంచున రాతికి అంటుకొని ఉంటాయి. అందువల్ల నీరు పారబోయడంతో సరిపెట్టకుండా, రెండు రోజులకొకసారి దొనను పీచుతో రుద్ది కడిగిస్తాము.

రెండవది వెదురు గోడ. ఒక చివర గణుపుతో మూసుకుపోయిన సన్నని వెదురు గొట్టాలను చూరు కింద నెమలి ఆకారంలో పేరుస్తున్నారు. ఒంటరిగా బతికే ఆకుకోత తేనెటీగలు ఇటువంటి గొట్టాలలో ఆకు ముక్కలు చుట్టి గుడ్లు పెడతాయి. కాపాడుకోవలసిన తేనెపట్టు వీటికి ఉండదు కనుక, చేతితో నొక్కిపట్టుకుంటే తప్ప ఇవి కుట్టడం అరుదు. గొట్టాలకు రంగు వేయము. చుట్టూ ఉన్న చట్రానికి మాత్రం ఎర్రమట్టి, సున్నం పూస్తాము. దయచేసి ఎనామెల్ రంగులు, థర్మాకోల్, మెరుపు పొడి పంపవద్దు.

దొన చుట్టూ ముగ్గు ఆకారంలో కరివేపాకు, తంగేడు నాటుతున్నాము. కరివేపాకును గొంగళిపురుగులు తినివేస్తాయి. అవి తినాలనే ఆ మొక్కలను పెట్టాము కనుక మందు కొట్టించము. పిచ్చుక పిల్లల ఆహారంలోనూ పురుగులే ముఖ్యం. సీతాకోకచిలుకలకు జిల్లేడు కూడా అవసరమే కాని, దాని పాలు కంటికి హానికరం కాబట్టి కంచె అవతల మాత్రమే ఉంచుతాము.

వరి కంకులతో కుచ్చులు అల్లడం తెలిసిన తాతయ్యలు, నాయనమ్మలు, అమ్మమ్మలు మీ ఇంట ఉంటే, ఏదైనా శనివారం వచ్చి పిల్లలకు నేర్పవలసిందిగా మనవి. పిచ్చుకల కోసం చూరుకు వేలాడదీసే ఆ కుచ్చుల కంటే మంచి పాఠం ఈ పనికి మరొకటి దొరకదని నా నమ్మకం.

ఏ శిల్పం వద్దకు ఏ ప్రాణి వచ్చిందో పిల్లలు ప్రతిరోజూ పుస్తకంలో నమోదు చేస్తారు. చూడముచ్చటగా ఉన్నప్పటికీ ఏ ప్రాణీ వాడని శిల్పాన్ని కారణం ఆలోచింపజేసి మార్పిస్తాము. మార్కులు కూడా ఆ పరిశీలనకే ఇస్తాము.

సంక్రాంతి సెలవులలో దొన కడిగి నీరు నింపగలిగిన కుటుంబాలవారు తమ పేర్లను తరగతి ఉపాధ్యాయులకు తెలియజేయవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు