ఎండదెబ్బ అంటే వట్టి నీరసం కాదు

సంపాదకుల వారికి,

రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం, ఒంట్లో కణాలు ఏమవుతాయో మాత్రం ఎవరూ చెప్పరు. పోయిన మే నెలలో కావలి దగ్గర చేలో మా బాబాయి పడిపోతే, కాసేపు పడుకుంటే సర్దుకుంటుందని గంటసేపు చెట్టు కిందే ఉంచేశారు. సర్దుకోలేదు, కిడ్నీలు దెబ్బతిన్నాయి.

ఒళ్లు మరీ వేడెక్కితే కణాల్లోని ప్రోటీన్లు మడతలు విడిపోయి, ఉడికిన గుడ్డు తెల్లసొనలా ఒకదానికొకటి అంటుకుపోతాయి. వాటిని సరిచేయడానికి కణం హీట్ షాక్ ప్రోటీన్లను తయారుచేసుకుంటుంది, ఈ స్పందనను 1962లో రిటోసా అనే శాస్త్రవేత్త పండ్ల ఈగల్లో గమనించి రాశాడు. ఆ దశలో చల్లబరిస్తే కణం కోలుకుంటుంది. ఆలస్యమైతే పొర చిరిగి లోపలిదంతా బయటికి వస్తుంది, కండరాల నుంచి అలా రక్తంలో కలిసిందే కిడ్నీలను దెబ్బతీస్తుంది. చచ్చిన కణాన్ని ఏ సెలైనూ బతికించదు.

మనిషి తికమకగా మాట్లాడినా, స్పృహ తప్పినా వెంటనే 108కి ఫోన్ చేసి, అది వచ్చేలోపే నీడకు చేర్చి ఒళ్లంతా నీళ్లతో తడిపి విసరండి. స్పృహ లేనివాళ్ల నోట్లో నీళ్లు పోయొద్దు. ఉపాధి పనుల దగ్గర, పొగాకు బ్యారన్ల దగ్గర నీడా నీళ్లూ ఉంచి, మిట్టమధ్యాహ్నం పని ఆపించమని అధికారులను అడుగుతున్నాను.

- ఒక పాఠకుడు, కావలి, నెల్లూరు జిల్లా