మంత్రి గారూ, ప్రతిసారీ బస్సు దిగేది మేమేనా?

గౌరవనీయులైన తెలంగాణ రవాణా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. ఇది నేను రాస్తున్న ఐదో కాగితం. మొదటి నాలుగూ అర్జీలు. జిరాక్స్ తీయించి, ఆధార్ కాపీ జతచేసి, వరసలో నిలబడి ఇచ్చాను. రెండు డిపోలో, ఒకటి పోలీస్ స్టేషన్లో, ఒకటి సోమవారం ప్రజావాణిలో. ప్రజావాణిలో ఇచ్చినదానికి మాత్రం ఫోన్‌కి మెసేజ్ వచ్చింది, సంబంధిత శాఖకు పంపామని. మూడు వారాలకు ఇంకో మెసేజ్ వచ్చింది, పరిష్కారమైందని. ఏం పరిష్కారమైందో నాకు తెలియదు. నన్నెవరూ పిలవలేదు, ఒక్క మాట అడగలేదు. మా బస్సులో గానీ మా స్టాప్‌లో గానీ ఏమీ మారలేదు. అందుకే ఈసారి నలుగురూ చదివేలా రాస్తున్నాను.

ఆడవాళ్లకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం గురించి మీకు నేను చెప్పేదేమీ లేదు. 2023 డిసెంబర్ 9 తర్వాత నాకు బస్ పాస్ ఖర్చు తప్పింది. బట్టల షాపులో రోజంతా నిలబడి సంపాదించే నాలాంటిదానికి అది చిన్న డబ్బు కాదు. మా అమ్మాయి డిగ్రీ పరీక్ష ఫీజు ఆ మిగిలిన డబ్బుతోనే కట్టాను. కాబట్టి దయచేసి ఈ ఉత్తరాన్ని ఆ పథకం మీద ఫిర్యాదుగా చదవకండి. బస్సు ఎక్కడానికి దారి చూపించారు. ఎక్కినవాళ్లం మానంగా మా స్టాప్ దాకా చేరాలి, నేను అడిగేది అంతే.

నవంబర్‌లో ఒక మంగళవారం సాయంత్రం. ఆ రోజు షాపులో త్వరగా వదిలారు, మా అమ్మాయికి ల్యాబ్ అయిపోయింది, ఇద్దరం ఒకే స్టాప్‌లో కలిశాం. నలభై నిమిషాలు నిలబడ్డాం. రెండు బస్సులు ఫుట్‌బోర్డు దాకా జనంతో ఆగకుండా వెళ్లిపోయాయి. మూడోది ఎక్కాం. ముందు తలుపు దగ్గరే ఇరుక్కున్నాం, మా మధ్య నలుగురైదుగురు ఉన్నారు. ఆడవాళ్ల సీట్ల దాకా మగవాళ్లు నిండిపోయారు. కాసేపటికి మా అమ్మాయి మొహం చూశాను. పెదవి కొరుక్కుని కిందికి చూస్తోంది. "అమ్మా, నీ పక్కకు వస్తా" అంది. రావడానికి సందు లేదు. వెనక ఒకాయన టిఫిన్ బాక్స్ సంచి అడ్డం పెట్టుకుని ఆనుకుని నిలబడ్డాడు. సంచి వెనక చెయ్యి ఏం చేస్తోందో నాకు అర్థమైంది. అరిచాను.

బస్సు ఒక్క క్షణం నిశ్శబ్దమైంది. ఆ తర్వాత మొదలైంది. "ఆఫీసు టైమమ్మా, తగుల్తది" అన్నాడొకడు. "ఫ్రీ బస్సుల ఇట్లనే ఉంటది, జీరో టికెట్‌కి ఇన్ని మాటలా, ఇష్టం లేకుంటే ఆటోల పోవాలె" అన్నాడు ఇంకొకడు. కొందరు నవ్వారు కూడా. మంత్రి గారూ, మా అమ్మాయి వయసు పంతొమ్మిది. ఆ నవ్వు ఆ పిల్లకు ఇంకా వినిపిస్తోంది.

కండక్టర్ జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. "ముందుకు జరగండమ్మా, గొడవెందుకు" అన్నాడు. ఎక్కడికి జరగాలి బాబూ, ముందు డ్రైవర్ సీటే ఉంది అన్నాను. బస్సును పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లమని అడిగాను. "ఎనభై మంది ఉన్నరు, ట్రిప్పు లేటైతే ఎవరు జవాబు చెప్పాలె? మీరే దిగి కంప్లయింట్ ఇచ్చుకోండి" అన్నాడు. బస్సు ఆగింది. దిగింది మేమిద్దరం. వాడు దిగలేదు. మేం ఖాళీ చేసిన జాగాలోకి జరిగి, కిటికీలోంచి మా వైపు చూశాడు. బస్సు వెళ్లిపోయింది. అది స్టాప్ కూడా కాదు, లైటు లేని రోడ్డు. అక్కడి నుంచి ఇంటికి ఆటోకి 180 రూపాయలు ఇచ్చాను.

ఆ కండక్టర్ మీద నాకు కోపం లేదు. ట్రిప్పుకు ఇంత టైమని లెక్క కడతారు, లేటైతే పైవాళ్లకు అతనే సంజాయిషీ చెప్పుకోవాలి. ఇలాంటప్పుడు ఏం చెయ్యాలో అతనికి ఎవరైనా చెప్పారా? చెప్పి ఉంటే ఆ మాట అనేవాడు కాదు.

ఎందుకంటే అతను ఏం చెయ్యాలో సుప్రీంకోర్టు 2012 నవంబర్ 30నే చెప్పింది. మా షాపుకు చీరలకు వచ్చే ఒక లాయరు గారు ఆ తీర్పు ప్రింటు తీసి ఇచ్చి, తెలుగులో చదివి వినిపించారు. తమిళనాడులో బస్‌స్టాప్‌లో భర్తతో నిలబడ్డ ఒకావిడతో తాగి అసభ్యంగా ప్రవర్తించిన పోలీసు ఉద్యోగి కేసు అది. అందులో రాష్ట్రాలన్నిటికీ ఆదేశాలిచ్చారు. బస్సులో ఒక ఆడమనిషి ఇలా జరిగిందని చెబితే, సిబ్బంది బస్సును దగ్గర్లోని పోలీస్ స్టేషన్‌కి తీసుకెళ్లాలి. తీసుకెళ్లకపోతే ఆ బండి పర్మిట్ రద్దు చేయాలి. బస్‌స్టాండ్లలో, బస్సుల్లో, సినిమా హాళ్ల దగ్గర, గుళ్ల దగ్గర మఫ్టీలో మహిళా పోలీసులు ఉండాలి. హెచ్చరిక బోర్డులు పెట్టాలి. ఇది విని నేను షాపులోనే ఏడ్చాను. ఆ రోజు నేను అడిగింది గొంతెమ్మ కోరిక కాదు, పదేళ్లకు పైగా కాగితం మీద ఉన్న నా హక్కు. ఆ సంగతి నాకూ తెలియదు, కండక్టర్‌కీ తెలియదు, బస్సులో నవ్వినవాళ్లకీ తెలియదు. తెలియాల్సిన వాళ్లకు చెప్పాల్సింది ఎవరు మంత్రి గారూ?

మర్నాడు స్టేషన్‌కి వెళ్లాం. బస్సు నంబరు ఎంత, వాడి పేరేమిటి, సరిగ్గా ఎక్కడ జరిగింది అని అడిగారు. బస్సు కదులుతోంది సార్ అన్నాను. అయితే అది మా లిమిట్స్ కాదేమో, ఆ పక్క స్టేషన్‌లో కనుక్కోండి అన్నారు. ఆ పక్కవాళ్లు మళ్లీ ఈ పక్కకు పంపారు. చివరికి ఒక కాగితం తీసుకున్నారు గానీ కేసు రాయలేదు. పరిధి పేరుతో ఒక కుటుంబాన్ని తిప్పితే ఏమవుతుందో ఈ రాష్ట్రం 2019 నవంబర్‌లో శంషాబాద్ దగ్గర ఒక వెటర్నరీ డాక్టరమ్మను అత్యాచారం చేసి చంపినప్పుడు చూసింది. అప్పుడు పోలీసులను సస్పెండ్ కూడా చేశారు. ఇప్పుడైతే చట్టంలోనే ఉంది, 2024 జూలై 1 నుంచి నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషన్‌లోనైనా జీరో ఎఫ్ఐఆర్ రాయాలని. స్త్రీ మర్యాదకు భంగం కలిగేలా చెయ్యి వేసినవాడికి భారతీయ న్యాయ సంహిత 74వ సెక్షన్ కింద ఏడాదికి తక్కువ కాకుండా ఐదేళ్ల దాకా శిక్ష. ఐదేళ్ల శిక్ష పడే నేరాన్ని "తగుల్తది" అని ఎలా వదిలేస్తారు?

ఆడవాళ్లను వేధించేవాళ్లను పట్టుకునే పోలీసు బృందాలు, షీ టీమ్స్ ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. 2014 అక్టోబర్‌లో హైదరాబాద్‌లో మొదలైనప్పటి నుంచి చూస్తున్నాను, మఫ్టీలో వచ్చి వీడియోతో సహా పట్టుకుంటారు, వాళ్లంటే నాకు గౌరవం. కానీ మా రూట్‌లో సాయంత్రం ఆరు నుంచి తొమ్మిది మధ్య ఒక్కరోజైనా వాళ్లు బస్సులో ప్రయాణం చేస్తే మేం ఫోన్ చేయాల్సిన అవసరం రాదు. ఆ గుంపులో నిలబడి ఫోన్ తీసి మెసేజ్ పెట్టడం ఎవరివల్ల అవుతుంది? ఒక చెయ్యి రాడ్డుకి, ఒక చెయ్యి బ్యాగు మీద ఉంటుంది.

ఇంకో మాట. వార్తల్లో ఇలాంటివాళ్లను "ఆకతాయిలు" అని రాస్తారు, చేసినదాన్ని "అల్లరి" అంటారు. ఆకతాయి అంటే మా ఊళ్లో పక్కింటి జామకాయలు కోసుకుని పారిపోయే పిల్లాడు. మా అమ్మాయి వెనక నిలబడ్డవాడికి యాభై ఏళ్లుంటాయి, జుట్టు నెరిసింది. ఆ మాట వాడినప్పుడల్లా జరిగింది చిన్నదైపోతుంది. అధికారుల ప్రకటనల్లోనైనా ఆ మాట ఆపించండి.

ఆ మంగళవారం తర్వాత మా అమ్మాయి ల్యాబ్‌కి వెళ్లడం మానేసింది. ల్యాబ్ అయితే ఐదున్నర బస్సు, మానేస్తే మూడున్నర బస్సు. మూడున్నరకు సీటు దొరుకుతుంది. బీఎస్సీ చదివే పిల్ల ల్యాబ్ మానేస్తే మార్కులెలా వస్తాయి? మా వారు ఏమీ అనరు గానీ, మా బావగారు అంటున్నారు, ఇంత టెన్షన్ ఎందుకు, ఈ ఏడాది సంబంధం చూసేద్దాం అని. నేను ఇంటర్‌తో ఆగిపోయిందీ ఇలాంటి కారణంతోనే. మా నాన్న కూడా అప్పుడు "రోజులు బాలేవు" అన్నారు. ఆ రోజులు నా కూతురి దాకా వచ్చాయి. బస్సులో ఒకడు చేసిన పనికి ఒక ఆడపిల్ల చదువు ఆగిపోతే అది మీ ఏ లెక్కలోనూ కనిపించదు. జీరో టికెట్లు ఎన్ని కొట్టారో లెక్క ఉంటుంది. ల్యాబ్ మానేసిన పిల్లలెందరో, ఉద్యోగం మానేసిన ఆడవాళ్లెందరో ఎవరు లెక్కపెడతారు?

నేను పెద్ద పెద్దవి అడగడం లేదు. ప్రతి డిపోలో డ్రైవర్లకు, కండక్టర్లకు రాతపూర్వకంగా ఒక ఆర్డర్ ఇప్పించండి, ఆడమనిషి చెబితే బస్సు స్టేషన్‌కే పోవాలని, అందువల్ల ట్రిప్పు లేటైతే వాళ్లను ఏమీ అనకూడదని. ఆ రెండో మాట లేకపోతే మొదటిది జరగదు. సాయంత్రం వేళ ఇంకో రెండు బస్సులు వేయండి. రాత్రి ఏడున్నర దాటాక ఆడవాళ్లు అడిగినచోట బస్సు ఆపాలని 2022లోనే చెప్పారు, అది మా రూట్‌లో అమలు చేయించండి. మా స్టాప్‌లో లైటు వేయించండి, ఇది నాలుగు అర్జీల్లోనూ రాశాను. బస్సును స్టేషన్‌కి తీసుకెళ్లే ఆర్డర్ మాత్రం మర్చిపోకండి, మళ్లీ అడుగుతున్నాను.

మీ బస్సుల్లో ఒక బోర్డు ఉంటుంది, చిన్నప్పటి నుంచి చదువుతున్నాను. "స్త్రీలను గౌరవించుట మన సంప్రదాయం. వారికి కేటాయించిన సీట్లలో వారినే కూర్చోనిద్దాం." చాలా మంచి మాట. దాని కింద ఇంకొక్క వాక్యం రాయించండి: "వేధిస్తే ఈ బస్సు పోలీస్ స్టేషన్‌కి వెళుతుంది." ఆ మంగళవారం ఆ వాక్యం నా తలపైన రాసి ఉంటే కండక్టర్‌కి వేలెత్తి చూపించేదాన్ని.

వచ్చే నెల మా అమ్మాయికి ప్రాక్టికల్ పరీక్షలున్నాయి, సాయంత్రం ఆరుకు అయిపోతాయి. ఆ వారం రోజులూ షాపులో సెలవు అడిగాను, తనతో బస్సులో వెళ్లి తీసుకురావడానికి. జీతం కోస్తామన్నారు. సరేనన్నాను.

నా పేరు, ఫోన్ నంబరు, బస్సు రూట్ నంబరు నాలుగు అర్జీల మీదా ఉన్నాయి. ఒక్కదాన్నైనా తెరిపించి చదివించండి.

ఇట్లు,
రోజూ మీ బస్సులోనే వెళ్లే ఒక తల్లి