ఆదాయం గడి ఏజెంటు నింపకూడదు: రిజర్వ్ బ్యాంకు గవర్నర్ గారికి బహిరంగ లేఖ

గవర్నర్ గారూ, నమస్కారం.

క్రెడిట్ కార్డు అప్లికేషన్‌లో వార్షిక ఆదాయం అని ఒక గడి ఉంటుంది కదా, దాని గురించే ఈ ఉత్తరం. నేను విజయవాడలో ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్నులు ఫైల్ చేస్తుంటాను. మనిషికి నిజంగా వచ్చేదెంతో, బ్యాంకుకి చెప్పిందెంతో రెండు కాగితాలూ నా టేబుల్ మీద పక్కపక్కనే ఉంటాయి. ఆ రెండూ కలవడం లేదు సార్. కలవట్లేదన్న సంగతి చాలాసార్లు కార్డు తీసుకున్నవాళ్లకే తెలియదు.

ఈమధ్య బట్టల షాపులో సేల్స్‌లో పనిచేసే ఒకమ్మాయి వచ్చింది. కార్డు బాకీని ఈఎంఐలుగా మార్చమంటే ఆదాయం కాగితాలు తెమ్మన్నారట, అందుకని రిటర్ను వేయించుకోవడానికి. జీతం నెలకి 18 వేలు. షాపింగ్ మాల్లో టేబుల్ వేసుకుని కూర్చున్న ఏజెంటు పాన్, ఆధార్ నంబర్లు అడిగి, మిగతాదంతా ట్యాబ్‌లో తనే నొక్కేసి ఓటీపీ చెప్పమన్నాడట. ఆదాయం ఎంత వేశారని అడిగితే "అదంతా ఫార్మాలిటీ మేడమ్, నేను చూసుకుంటా" అన్నాడట. మెయిల్లో ఉన్న అప్లికేషన్ కాపీ తెరిపించి చూశాను. ఏడాదికి 2,16,000 వచ్చే మనిషికి అక్కడ 4,80,000 అని ఉంది. దాని కిందే, పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను అన్న వాక్యం. ఆమె చెప్పిన ఓటీపీయే దానికి సంతకం అయిపోయింది. రేపు గొడవైతే అబద్ధం చెప్పింది ఎవరవుతారు? ఏజెంటు మాత్రం కాదు, కార్డు పాసైతే వచ్చే కమిషన్ తీసుకుని అతను ఎప్పుడో ఇంకో మాల్‌కి వెళ్లిపోయి ఉంటాడు.

ఏజెంట్లు లేకుండా సొంతంగా నింపేవాళ్లు కూడా తప్పే రాస్తున్నారు, కావాలని కాదు. ఆదాయం అంటే ఏ ఆదాయమో చాలా ఫారాల్లో సరిగ్గా చెప్పరు. 6 లక్షల సీటీసీ (కంపెనీ అతని మీద ఏడాదికి పెట్టే మొత్తం ఖర్చు) ఉన్న కుర్రాడు ధైర్యంగా 6 లక్షలు అని కొడతాడు. ఆ లెక్కన నెలకి 50 వేలు రావాలి. అందులోంచి కంపెనీ కట్టే పీఎఫ్ 3 వేలు, గ్రాట్యుటీ ఓ 1,200, ఏడాది చివర ఇస్తే ఇస్తారు లేకపోతే లేదు అన్న వేరియబుల్ పే 5 వేలు తీసేయండి. తర్వాత అతని వాటా పీఎఫ్ 3 వేలు, వృత్తి పన్ను 200. చేతికొచ్చేది 37,600. బిల్లు కట్టాల్సింది ఈ డబ్బుతోనే కదా. కిరాణా కొట్టాయన్ని అడిగితే గల్లాలో పడిన డబ్బంతా కలిపి చెప్తాడు, హోల్‌సేల్ వాళ్లకి కట్టింది తీసేయడు. ఫుడ్ డెలివరీ చేసేవాళ్లయితే పెట్రోలు, బండి రిపేరు తీసేయకుండానే రాస్తారు. "కార్డు కావాలండీ, ఐటీఆర్‌లో కాస్త ఎక్కువ చూపించండి" అని నన్నే అడిగేవాళ్లూ ఉన్నారు, వాళ్లని నేను వెనకేసుకు రాను, కుదరదని చెప్పి పంపేస్తాను. ఎక్కువ రాస్తే పెద్ద లిమిట్ వస్తుందన్న ఆశే కనిపిస్తుంది తప్ప, బాకీ నిలిస్తే నెలకి మూడున్నర శాతం చొప్పున ఏడాదికి 40 శాతం దాటే వడ్డీ ఎవరు కడతారన్నది అప్పుడు తోచదు. జాతీయ వినియోగదారుల కమిషన్ 2008లో కార్డు వడ్డీకి పెట్టిన 30 శాతం హద్దును కూడా సుప్రీంకోర్టు 2024 డిసెంబరులో కొట్టేసింది. ఇక సామాన్యుడిని కాపాడేది సంపాదనకి తగ్గ లిమిట్ ఒక్కటే. ఆ లిమిట్ మొదలయ్యేదే ఈ గడిలోంచి.

మీరు పట్టించుకోలేదని అనను. అడగకుండా కార్డు అంటగట్టొద్దని, కార్డు తిరస్కరిస్తే ఫలానా కారణమని రాతపూర్వకంగా చెప్పాలని 2022 ఏప్రిల్‌లో ఇచ్చిన ఆదేశాల్లో ఉంది. మినిమమ్ డ్యూ (బిల్లులో కనీసంగా కట్టాల్సిన మొత్తం) మాత్రమే కడుతూ పోతే అప్పు ఏళ్ల తరబడి సాగుతుందన్న హెచ్చరికను బిల్లు మీద వేయించింది కూడా మీరే. బిల్లు మీద వేయించగలిగినవాళ్లు అప్లికేషన్ మీద ఎందుకు వేయించలేరు? గడి పక్కనే, సీటీసీ కాదు, ఖాతాలో పడే జీతం రాయండి అని తెలుగులో, హిందీలో, ఎవరి భాషలో వాళ్లకి ఒక్క లైను చాలు. ఓటీపీ అడిగే మెసేజ్‌లోనే "మీ ఆదాయం 4,80,000 అని నమోదైంది, నిజమైతేనే ఓటీపీ చెప్పండి" అని ఉండాలి. అలా ఉండి ఉంటే ఆ అమ్మాయి అక్కడే ఆగిపోయేది. అకౌంట్ అగ్రిగేటర్ విధానం 2021 నుంచి నడుస్తోంది, ఖాతాదారు ఒప్పుకుంటే బ్యాంకు స్టేట్‌మెంట్ నేరుగా తెప్పించుకోవచ్చు, కాబట్టి సరిచూసుకోవడం కష్టం అని బ్యాంకులు అంటే మీరు నమ్మకండి. తప్పు అంకె వేసింది ఏజెంటని తేలితే కమిషన్ వెనక్కి తీసుకోవాలి, బాధ్యత బ్యాంకు మీదే పెట్టాలి. యాప్‌లో "ఆదాయం అప్‌డేట్ చేయండి, లిమిట్ పెంచుకోండి" అని ఊరించే దగ్గర కూడా ఇదే నియమం ఉండాలి.

ఇంకొకటి, ఇది తప్పకుండా చేయండి సార్. తప్పు అంకెతో ఇప్పటికే కార్డు వాడుతున్నవాళ్లకి దాన్ని దిద్దుకునే దారి ఇవ్వండి. ఇప్పుడు ఎవరైనా వచ్చి ఏం చేయమంటారని అడిగితే, బ్యాంకుకి రాసి సరిచేయించుకోండి అనే చెప్తున్నాను. కానీ చెప్తే మోసం కేసు పెడతారేమో, బాకీ అంతా ఒకేసారి కట్టమంటారేమో అని టెన్షన్ పడి ఊరుకుంటున్నారు. తమంతట తాము వచ్చి అసలు ఆదాయం చెప్పినవాళ్లకి లిమిట్ తగ్గించండి, పర్వాలేదు, పాత బాకీ మాత్రం వాయిదాల్లో కట్టుకోనివ్వాలని, దాన్ని మోసంగా చూడొద్దని బ్యాంకులకి స్పష్టంగా రాసి పంపండి.

ఇట్లు,
విజయవాడ నుంచి ఒక ట్యాక్స్ కన్సల్టెంట్