కదిలే పీటల సంవత్సరం: 2024–25 వార్షిక నివేదిక

అధ్యక్షుల వారికి, కార్యవర్గానికి, ఇంత ఎండలోనూ సమావేశానికి వచ్చిన సభ్యులందరికీ నమస్కారం. రానివాళ్ళకూ నమస్కారమే, ఈ కాగితం వాళ్ళ ఇళ్ళకు ఎలాగూ చేరుతుంది.

మన కాలనీ సంఘం ఎందుకు పెట్టుకున్నామో మీకు తెలుసు, మళ్ళీ చెప్పను. పోయిన సర్వసభ్య సమావేశంలో చేసిన తీర్మానం ఒక్కటి గుర్తు చేస్తాను: "చౌక్‌లో జనం కూర్చోవడానికి ఏదైనా ఏర్పాటు చేయాలి." ఏడాదంతా ఆ ఒక్క వాక్యం మీదే గడిచింది. చలివేంద్రం, దోమల మందు, జెండా పండుగలు ఎప్పట్లాగే జరిగాయి. మూడు వీధిదీపాలు అడిగితే రెండు వెలిగాయి. మూడోదాని సంగతి తర్వాత.

మొదట నేనూ సిమెంటు బెంచీలే అడుగుదామనుకున్నాను. దరఖాస్తు కూడా రాసిపెట్టాను. ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున ఆరింటి నుంచి రాత్రి ఏడింటి దాకా ముగ్గురం చౌక్‌లోనే ఉండి, వేపచెట్టు నీడ ఎక్కడ పడితే అక్కడ గంటకోసారి చాక్‌పీసుతో గీత గీశాం. పొద్దున టీ డబ్బా ముందున్న నీడ సాయంత్రానికి ఆటో స్టాండు దాకా పోయింది. బెంచీ ఎక్కడ పాతినా సగం పొద్దు ఎండలోనే ఉంటుంది. మే నెలలో 43, 44 డిగ్రీలప్పుడు మన హన్మకొండలో సిమెంటు మీద ఎవరు కూర్చుంటారు? నీడతో పాటు పీట కూడా జరగాలి. ఇంత చిన్న విషయం తెలియడానికి మాకు పదమూడు గంటలు పట్టింది.

ఇది మనం కనిపెట్టిందేమీ కాదు. ఆర్కిటెక్చర్ చదివే మన సభ్యురాలి అబ్బాయి చెప్పాడు: 1970లలో న్యూయార్క్‌లో విలియం వైట్ అనే ఆయన కూడళ్ళలో కెమెరాలు పెట్టి జనం ఎక్కడ, ఎలా కూర్చుంటారో ఏళ్ళ తరబడి చూశాడట. విడి కుర్చీ దొరికితే మనిషి కూర్చునే ముందు దాన్ని కాస్త అటో ఇటో జరుపుతాడట, ఆ అవసరమేమీ లేకపోయినా. ఆ ఊళ్ళోనే బ్రయంట్ పార్కును బాగుచేసి 1992లో తెరిచినప్పుడు విడి కుర్చీలే వేశారు. పారిస్‌లో లక్సెంబర్గ్ తోటలోని ఆకుపచ్చ ఇనుప కుర్చీలను ఎవరికి కావలసిన చోటికి వాళ్ళు లాక్కుంటారు. వియన్నాలో ఒక మ్యూజియం ఆవరణలో పడుకోవడానికి కూడా వీలయ్యే పెద్ద పెద్ద దిమ్మెలు వేశారు, వాటికి ఏ రంగు వేయాలో కొన్నేళ్ళు జనమే ఓటేసి చెప్పారు.

ఆ ఓటింగు ముచ్చట మనకూ నచ్చి, రంగు కోసం ఓట్లు పెట్టాం. అదే పొరపాటు. గులాబీ అంటే ఒక పార్టీది, కాషాయం ఇంకో పార్టీది, పసుపు మరో పార్టీది, ఎరుపు సంగతి చెప్పనే అక్కర్లేదు. గంటన్నర వాదించుకున్నాక చెక్క రంగు చెక్కకే ఉంచి వార్నిష్ కొట్టాలని తీర్మానించాం.

చేయించే ముందు ఒక పరీక్ష పెట్టాం. ఎనుమాముల మార్కెట్ నుంచి ఖాళీ గోనెసంచులు తెచ్చి, ఊక నింపి, కుట్టి, పది సంచులు చౌక్‌లో పడేసి వచ్చాం. బోర్డు పెట్టలేదు, ఎవరికీ ఏమీ చెప్పలేదు. సాయంత్రానికి నాలుగు టీ డబ్బా చుట్టూ చేరాయి. రెండింటిని ఒక పెద్దావిడ ఒకదాని మీద ఒకటి పెట్టుకుని కూర్చుంది, మోకాళ్ళ నొప్పులకు అదే సరైన ఎత్తట. మిగిలినవి పిల్లలు వరుసగా పేర్చి రైలు చేశారు. ముందు సంచి మీద ఎక్కినవాడు "కాజీపేటల దిగేటోళ్ళు దిగున్రి" అని అరుస్తుంటే, వెనకవాళ్ళు నిజంగానే దిగి మళ్ళీ ఎక్కుతున్నారు. మన డిజైను చాలావరకు ఆ సాయంత్రమే ఖాయమైంది.

వడ్రంగి గారు మూడు రకాలు చేశారు. మొదటిది చిన్న చదరపు పీట, బరువు ఆరు కిలోల చిల్లర. ఆరేళ్ళ పిల్ల లాగగలగాలి, గాలిదుమారానికి మాత్రం ఎగిరిపోకూడదు. ఇది కుదరడానికి నాలుగు నమూనాలు పాడయ్యాయి. పీట మీద అష్టాచెమ్మ గళ్ళు చెక్కించాం, కొన్నింటి మీద పులి మేక గీతలు. రెండోది పొడుగు బల్ల. ఒక కొసన రెండు చక్రాలు, రెండో కొసన పిడి, తోపుడు బండిలాగా. పిడి ఎత్తితేనే కదులుతుంది, దించితే నిలబడుతుంది, కాబట్టి కూర్చున్నవాళ్ళతో సహా దొర్లిపోదు. మూడోది నులక మంచం, కాకపోతే కాళ్ళు పొట్టివి. అల్లడం వచ్చిన పెద్దవాళ్ళు మన కాలనీలో ఇద్దరే మిగిలారు. ఇద్దరూ కలిసి నలుగురు ఇంటర్ పిల్లలకు నేర్పారు. ఈ ఏడాది సంఘం చేసిన పనుల్లో నాకు బాగా నచ్చింది ఇదే, లెక్కల్లో మాత్రం కనిపించదు.

కొందరు సభ్యులు "పీటకు ఇంత ఆలోచనేంటి" అన్నారు కాబట్టి చెబుతున్నాను. చిన్నపిల్లలు తాకే వస్తువులో సందు మూడున్నర అంగుళాల కన్నా తక్కువైనా ఉండాలి, తొమ్మిది అంగుళాల కన్నా ఎక్కువైనా ఉండాలి. మధ్యలో ఉంటే ఒళ్ళు దూరుతుంది, తల ఇరుక్కుంటుంది. ఆట సామాన్ల భద్రతకు పాటించే కొలత ఇది. మొదటి బల్ల వీపు పలకల మధ్య సందు సరిగ్గా అయిదు అంగుళాలు వచ్చింది. విప్పించి మళ్ళీ చేయించాం. ఇనుము ఎండకు కాలుతుందని ఒంటికి తగిలే చోట అంతా చెక్కే. సెప్టెంబరు మొదట్లో కురిసిన పెద్ద వానలకు పీటల్లో నీళ్ళు నిలిచాయి, అప్పుడు మధ్యలో రంధ్రాలు పెట్టించాం. ముందే పెట్టించాల్సింది, ఆ తప్పు నాదే.

ఇక అనుమతి. ఏ ఆఫీసో పేరెత్తను, వెళ్ళినవాళ్ళకు తెలుసు. మొదటిసారి వెళితే సార్ లేరు. రెండోసారి ఉన్నారు, ఫైలు లేదు. మూడోసారి ఇద్దరూ ఉన్నారు కానీ, "కదిలేది ఏదైనా పోతది, కాంక్రీట్‌లో పాతండి, అప్పుడు చూద్దాం" అన్నారు. కదలడమే దాని పని అని చెప్పడానికి పదకొండు సార్లు తిరిగాను. చివరికి "తాత్కాలిక ఏర్పాటు" అని రాసి సంతకం పెట్టారు. ఆ లెక్కన ఇప్పుడు ఎనిమిదో నెల తాత్కాలికం నడుస్తోంది. పసిపిల్లలకు అనువైన వీధుల కోసం 2020లో కేంద్రం పెట్టిన పోటీకి ఎంపికైన నగరాల్లో మన వరంగల్ కూడా ఉందని ఆ గదిలో చెబితే, "అట్లనా" అన్నారు. మూడో వీధిదీపం అర్జీ కూడా ఆ బల్ల మీదే ఉంది.

సార్ భయపడినట్టు పోయాయా? రెండు పీటలు పోయాయి. ఒకటి ఆటో స్టాండులో దొరికింది, దాని మీద డ్రైవరన్నలు పులి మేక ఆడుతున్నారు. పోయినట్టు రాయాలో, వాడుకలో ఉన్నట్టు రాయాలో తేలక స్టాకు రిజిస్టర్లో పెన్సిల్‌తో రాశాను. రెండోది ఇప్పటికీ దొరకలేదు.

బతుకమ్మ గురించి ఎంత రాసినా తక్కువే. ఎంగిలిపూల రోజు అందరం వేయిస్తంభాల గుడికి పోతాం, సద్దుల నాడు పద్మాక్షి గుట్ట దగ్గరికి. మధ్య రోజుల్లో మన చౌక్ ఎప్పుడూ బోసిగానే ఉండేది. ఈసారి నానబియ్యం బతుకమ్మ నాడు, ఎవరూ చెప్పకుండానే, ఆడవాళ్ళు బల్లల పిడులు పట్టుకుని అంచులకు తోసేసి నడుమ ఆటకు చోటు చేశారు. పెద్దవాళ్ళు పీటలు లాక్కుని చుట్టూ వలయంగా కూర్చున్నారు. ఆట పెద్దదవుతుంటే వలయం వెనక్కి జరుగుతోంది, పీటలూ జరుగుతున్నాయి. బతుకమ్మలు దించడానికి నాలుగు పీటలు కలిపి గద్దె చేశారు. ఎనభై దాటిన ఒక అవ్వ నులక మంచం మీద కూర్చునే చప్పట్లు కొడుతూ, పాట తప్పినవాళ్ళను తిడుతూ ఆఖరుదాకా ఉంది. ఆరో రోజు అలిగిన బతుకమ్మ, ఆట ఉండదు కదా, ఆ రోజంతా నట్లు బిగించుకున్నాం. వేపకాయల నాటికి పక్క కాలనీ వాళ్ళు కూడా వచ్చారు. మొన్నటిదాకా "మీ పీటల పిచ్చి" అన్నవాళ్ళే ఫొటోల్లో ముందు వరుసలో ఉన్నారు. ఉండనీయండి.

లెక్కల వివరాలు కోశాధికారి గారు విడిగా చదువుతారు. ఆడిట్ అయింది. వెల్డింగు ఖర్చు రెండుసార్లు ఎందుకు పడిందని అడుగుతారేమో, అయిదు అంగుళాల సందు సంగతి పైన రాశాను. చందా బాకీలు ఉన్నవాళ్ళ పేర్లు నోటీసు బోర్డు మీద పెట్టవద్దని అధ్యక్షుల వారు అన్నారు కాబట్టి పెట్టడం లేదు.

కృతజ్ఞతలు. నాలుగు నమూనాలు పాడైనా కూలి పెంచని వడ్రంగి గారికి, పైపులు అరువిచ్చిన వెల్డింగు షాపు తమ్ముడికి, మంచాల మీదికి షత్రంజీలు ఇచ్చిన కొత్తవాడ నేతన్నలకు (వరంగల్ షత్రంజీలకు 2018లో జీఐ, అంటే భౌగోళిక గుర్తింపు, వచ్చిందని పిల్లలకు చెప్పండి), అష్టాచెమ్మ గళ్ళు కొలిచి గీసిన డ్రాయింగు మాస్టారికి, రాత్రిపూట పీటలకు గొలుసు వేసి తాళం దగ్గర పెట్టుకుంటున్న టీ డబ్బా అన్నకు. ఆయన మన సభ్యుడు కాదు, చందా కట్టడు, ఒక్క రాత్రి కూడా మరవలేదు.

సభ్యులైన వాళ్ళ సంగతి కూడా రాయాలి. రాత్రి సామాను సర్దే వంతుకు పోయిన జూన్‌లో ఇరవై రెండు మంది పేర్లిచ్చారు. వాట్సాప్‌లో ఇరవై రెండు బొటనవేళ్ళూ వచ్చాయి. డిసెంబరు నాటికి వస్తున్నది అయిదుగురు, అందులో ముగ్గురు మా ఇంటివాళ్ళే. వచ్చే ఏడాది వంతుల పట్టీ నేను రాయను. ఎవరి వంతు వాళ్ళే సంతకం పెట్టి తీసుకోవాలని తీర్మానం ప్రతిపాదిస్తున్నాను. ఇంకో నాలుగు బల్లలు, చక్రాల కుర్చీలో వచ్చేవాళ్ళు దగ్గరికి జరిగి కూర్చునేలా ఒక ఎత్తు మేజా కూడా ప్రతిపాదనలో ఉన్నాయి. ఆ కొత్త బల్లలకు మాత్రం నేను ఆఫీసుకు పోను.

ఈ శనివారం సాయంత్రం అయిదింటికి నట్లు బిగించే పని ఉంది. అన్నీ 13 నంబరు పానాకు వచ్చేవే. సంఘం పానా బతుకమ్మ నాడు ఎవరో ఇంటికి తీసుకెళ్ళారు, తెచ్చివ్వగలరు.

– కార్యదర్శి