శిక్ష సంగతి కూడా చెప్పండి

సంపాదకులకు,

తాగి బండి నడపొద్దని పిల్లలకు అందరం చెబుతాం. నడిపితే చట్టం ఏం చేస్తుందో మాత్రం చెప్పం. పదహారేళ్ల వయసులో చావు భయం అంతగా పనిచేయదు, అది ఇంకెవరికో జరిగేదనిపిస్తుంది. లైసెన్సు పోతుందంటే మాత్రం చెవులు రిక్కిస్తారు.

100 మిల్లీలీటర్ల రక్తంలో ఆల్కహాల్ 50 మిల్లీగ్రాములు దాటకూడదని, కుర్రవాళ్లకు, కొత్తగా నడిపేవారికి 20 మించకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. కొన్ని దేశాల్లో కొత్తవారికి అసలు సున్నాయే. కాఫీ తాగితేనో, చన్నీళ్లు పోసుకుంటేనో దిగిపోతుందన్న నమ్మకం ఒకటి! కాలేయం ఎవరి తొందరా వినదు. రాత్రి తాగినవాళ్లు పొద్దున పరీక్షలో దొరికేది అందుకే.

జరిమానా కట్టేస్తే అయిపోయిందనుకోవడం ఇంకో పొరపాటు. కేసు రికార్డుల్లో ఉండిపోతే ఉద్యోగానికో, వీసాకో దరఖాస్తు పెట్టినప్పుడు ఆ ప్రశ్న మళ్లీ ఎదురుకావచ్చు. బీమా కంపెనీ చేతులెత్తేయొచ్చు. ఎదుటి మనిషి ప్రాణం పోతే జైలే. మైనరుకు తాళాలిచ్చిన పెద్దలకూ చాలాచోట్ల చిక్కే, ఇది తల్లిదండ్రులు తెలుసుకోవాలి.

ట్రాఫిక్ గుర్తులు బట్టీ పట్టించడంతో సరిపెట్టకుండా, పై తరగతుల పిల్లలను ఒక పూట కోర్టుకు తీసుకెళ్లి ఈ కేసుల విచారణ చూపిస్తే బాగుంటుంది.

- ఒక ఉపాధ్యాయురాలు