డేటా ఉన్నా దొరకదెందుకు?

సంపాదకులకు,

నగరంలో చాలా చిన్న సంస్థలు ఎక్సెల్ పట్టికలను సీఎస్‌వీగా (గడుల మధ్య కామాలుండే సాదా ఫైలుగా) మార్చి మాంగోడీబీ అనే డేటాబేస్‌లోకి ఎక్కిస్తున్నాయి. తీరా 500016 అనే పిన్‌కోడ్‌తో వెతికితే బేగంపేట ఖాతాదారుల్లో కొందరు కనబడరు. డేటా ఎక్కడికీ పోలేదు. ఫైలును డేటాబేస్‌లోకి ఎక్కించే మాంగోఇంపోర్ట్ అనే సాధనం ప్రతి గడినీ చూసి రకాన్ని ఊహిస్తుంది: 500016 సంఖ్యగా పడుతుంది, మధ్యలో ఖాళీ ఉన్న 500 016 స్ట్రింగ్‌గా (అక్షరాల వరుసగా) పడుతుంది. వెతుకులాటలో ఈ రెండూ కలవవు, ఎర్రరూ రాదు. అసలు చిక్కల్లా అదే!

విలువ ఏ రకమో చెప్పే డాలర్ టైప్ ($type) ఆపరేటర్‌తో ఏ రకం ఎన్ని ఉన్నాయో ముందు లెక్కపెట్టాలి. పిన్‌కోడ్, ఫోన్ నంబర్లను స్ట్రింగ్‌గానే ఉంచాలి. సంఖ్యగా మారితే 040లో మొదటి సున్నా ఎగిరిపోతుంది. ఇప్పటికే ఎక్కిన డేటాను మార్చేటప్పుడు ఖాళీలూ తీసేయాలి. ధరలకు దశాంశాలను కచ్చితంగా ఉంచే డెసిమల్128 రకం మేలు. రకాన్ని మార్చే డాలర్ కన్వర్ట్ ($convert)లో, మారని విలువకు బదులు ఏం పెట్టాలో చెప్పే ఆన్‌ఎర్రర్ (onError) ఇవ్వకపోతే చెడ్డ గడి ఒక్కటి తగిలినా అప్‌డేట్ ఆగిపోతుంది. ఇకపై దిగుమతికి, ఏ కాలమ్ ఏ రకమో ముందే చెప్పే కాలమ్స్‌హావ్‌టైప్స్ (--columnsHaveTypes) వాడి, కలెక్షన్‌కు (మాంగోడీబీలో డేటా ఉండే పట్టిక లాంటిది) జేసన్ స్కీమా తనిఖీ, అంటే విలువల రకాలను సరిచూసే నియమాలు, పెట్టండి.

– ఒక డేటాబేస్ ఇంజినీరు, అమీర్‌పేట, హైదరాబాద్