శంఖాన్ని ఎవరూ ఎత్తుకుపోలేదు

సంపాదకులకు నమస్కారం.

నల్లగొండలో జూనియర్ లెక్చరర్ పరీక్షకు, జాతీయ అర్హత పరీక్ష ‘నెట్‌’కు ప్రిపేర్ అవుతున్న పిల్లలు కొందరు ఇంగ్లిష్ సాహిత్యంలో డౌట్లు అడగడానికి మా ఇంటికి వస్తుంటారు. విలియం గోల్డింగ్ నవల ‘లార్డ్ ఆఫ్ ద ఫ్లైస్’ (1954) వాళ్ల గైడులో అర పేజీలో అయిపోతుంది. శంఖం అంటే ప్రజాస్వామ్యం, కళ్లద్దాలంటే సైన్సు, కర్రకు గుచ్చిన పంది తల అంటే మనిషిలోని చెడు. జతపరచమంటే మార్కు వస్తుంది, నవల మాత్రం తెలియకుండానే పోతుంది. నా బాధంతా అదే.

యుద్ధకాలంలో విమానం కూలి, పెద్ద దిక్కు లేకుండా ఒక దీవిలో చిక్కుకుపోయిన ఇంగ్లిష్ మగపిల్లల కథ అది. రాల్ఫ్‌ను నాయకుడిగా ఎన్నుకుంటారు, శంఖం ఎవరి చేతిలో ఉంటే వాళ్లే మాట్లాడాలని రూలు పెట్టుకుంటారు. ఆ శంఖం ఎప్పుడు పోయిందని అడిగితే అందరూ కళ్లద్దాల పిల్లాడు పిగ్గీ మీద బండ దొర్లిన సీనే చెప్తారు. అది ముక్కలైంది అప్పుడే, కానీ రెండో అధ్యాయంలోనే రాల్ఫ్‌కు పోటీగా నిలిచే జాక్ ‘కొండ మీద శంఖం చెల్లదు’ అనేస్తాడు. రాల్ఫ్ సర్దిచెప్తాడు గానీ, అట్లా అనొచ్చని అందరికీ తెలిసిపోయింది కదా. తర్వాత ఒక రాత్రి జాక్ గుంపు గుడిసె మీద పడి కొట్టి పిగ్గీ కళ్లద్దాలు లాక్కుపోతుంది. శంఖం కోసం వచ్చారేమో అనుకుంటాడు పిగ్గీ, చూస్తే అది ఉన్నచోటే ఉంది. నిప్పు రాజేసుకోవడానికి అద్దాలు కావాలి, శంఖంతో వాళ్లకేం పని?

మన ఊళ్లలో గ్రామసభ చూసినవాళ్లకు ఇది ఇంకా బాగా తెలుస్తుంది. మైకు ఎవరూ గుంజుకోరు. పింఛను రాని ముసలమ్మ మాట్లాడుతుంటే ముందు వరుసలో వాళ్లు లేచి ఛాయ్‌కి పోతారు, ఆమె మైకు పట్టుకొని అట్లనే నిలబడుతుంది.

గైడ్లలో కనపడని ఇంకో సీను, తర్వాత జాక్ గుంపులో చేరే రోజర్‌ది. సముద్రం ఒడ్డున ఆడుకుంటున్న చిన్నపిల్లాడు హెన్రీ వైపు రాళ్లు విసురుతాడు, కావాలనే తగలకుండా విసురుతాడు. ఆ పిల్లాడి చుట్టూ ఇంకా అమ్మానాన్నలు, బడి, పోలీసులు, చట్టం ఉన్నట్టే రోజర్ చెయ్యి వెనకాడుతుంది. చివరికి పిగ్గీ మీదికి బండ దొర్లించేది కూడా ఆ రోజరే. ఈ రెండు చోట్ల మధ్య భయం ఎట్లా ఊడిపోతూ వచ్చిందో చదవాలి, నా లెక్కలో నవలంతా అక్కడే ఉంది. గోల్డింగ్ రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ నేవీలో పనిచేశాడు, సాల్స్‌బరీలో బడిపిల్లలకు పాఠం చెప్పాడు. మొదట్లో చెయ్యి ఎందుకు వెనకాడుతుందో, తర్వాత ఎందుకు వెనకాడదో రెండూ దగ్గర్నుంచి చూసినవాడు కాబట్టే అంత నమ్మకంగా రాశాడనిపిస్తుంది.

కోచింగ్ సెంటర్ల సార్లకు, మేడమ్‌లకు నా మనవి ఒక్కటే. గుర్తుల పట్టిక ఇచ్చే ముందు రోజర్ రాళ్లు విసిరే ఆ రెండు పేజీలు క్లాసులో పైకి చదివించండి, అర్థం పిల్లల్నే చెప్పనివ్వండి. మీ సాహిత్య పేజీలో కూడా ఒక నవలలోని ఒక్క సీను తీసుకొని విద్యార్థులు రాసే వ్యాసాలకు కాస్త చోటు ఇస్తే, మా దగ్గరికి వచ్చే పిల్లల చేత మొదటిది నేనే రాయించి పంపుతాను.

— ఒక విశ్రాంత ఇంగ్లిష్ ఉపాధ్యాయుడు, నల్లగొండ